గుర్రానికి బీరు పిప్పి: విశాఖలో ఏది కొనాలి, ఏది మానాలి

పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం వైపు పాడి పశువులు ఉన్న ఇళ్ళలో బీరు పిప్పి కొత్త వస్తువేమీ కాదు. కొందరు దీనినే బీరు పొట్టు అంటారు. గేదెకు రెండు పూటలా పెడితే పాలు పెరిగాయని చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. ఆ మాట విని, బీచ్ రోడ్డు మీద పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాల యజమానులు, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను పంపేవారు, నాలాగా ఇష్టంతో ఒకటి రెండు గుర్రాలను పెంచుకునేవారు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. గేదెకు అంత మేలు చేసేది గుర్రానికి చేయదా, ఉలవల ఖర్చు తగ్గించుకోవచ్చు కదా అని.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. పూర్తిగా ఎండబెట్టిన బీరు పిప్పి గుర్రానికి మంచి అదనపు దాణాయే, అయితే దాన్ని కొలత ప్రకారం, కాల్షియం లెక్క చూసుకుని పెట్టాలి. తడి పిప్పిని మాత్రం విశాఖ వంటి ఉక్కపోత ఊరిలో గుర్రానికి పెట్టకూడదు. సారా, ఇథనాల్ కర్మాగారాల నుంచి వచ్చే ఎండు గింజల దాణాను పరీక్ష నివేదిక లేకుండా కొనకూడదు. ఒకటి రెండు గుర్రాలు మాత్రమే ఉన్నవారికి చాలా సందర్భాలలో వీటన్నిటికంటే ఉలవలు, పిల్లిపెసర గడ్డి మేలు. ఈ నిర్ణయాలకు కారణాలేమిటో, ఏ గుర్రానికి ఏది నప్పుతుందో కింద వివరిస్తున్నాను.

అసలు ఈ పిప్పి ఏమిటి

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలకను వేడితో ఆపి ఆరబెడితే అది మాల్టు అవుతుంది. ఆ మాల్టును మరపట్టి వేడి నీటిలో కొంతసేపు ఉంచినప్పుడు గింజలోని పిండి చక్కెరగా మారి నీటిలోకి దిగుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి తీసుకున్న తరువాత మిగిలే పైపొట్టు, మాంసకృత్తులు, కొంత కొవ్వు కలిసినదే బీరు పిప్పి. మన దేశంలో చాలా బీర్లకు మాల్టుతో పాటు బియ్యం నూకలు, మొక్కజొన్న కూడా వాడతారు కనుక వాటి శేషం కూడా అందులో ఉండవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఈ పిప్పిలో మద్యం ఉండదు. ఈస్ట్ వేసి పులియబెట్టడం, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించడం రెండూ పిప్పిని వేరు చేసిన తరువాతే జరుగుతాయి. అందుచేత తాజా పిప్పి తిన్న గుర్రానికి మత్తు ఎక్కుతుందన్న భయానికి ఆధారం లేదు. దీనివల్ల ప్రమాదం వేరే చోట ఉంది.

ఎండు పిప్పిని పొడి పదార్థం (నీరు తీసివేయగా మిగిలేది) లెక్కన చూస్తే మాంసకృత్తులు 22 నుంచి 28 శాతం, కొవ్వు 6 నుంచి 8 శాతం, పీచు దాదాపు సగం ఉంటాయి. పిండి పదార్థం మాత్రం సాధారణంగా 10 శాతం లోపే, ఎందుకంటే అది బీరులోకి వెళ్ళిపోయింది. గుర్రాల దృష్టిలో ఇదే దీనిలోని అసలైన గుణం. మొక్కజొన్నలో పిండి దాదాపు 70 శాతం, బార్లీలో సగానికి పైగా ఉంటుంది. ఆ పిండి ఒక్కసారిగా ఎక్కువై చిన్న పేగులో జీర్ణం కాకుండా పెద్ద పేగులోకి జారితే అక్కడ ఆమ్లం పుట్టి శూల రావడం, డెక్కల లోపలి పొర వాచి గుర్రం కుంటడం జరుగుతాయి. పీచు నుంచి శక్తినిచ్చే దాణాతో ఆ ప్రమాదం తక్కువ. అయితే నీటిలో కరిగేవన్నీ బీరుతో పాటే పోయాయి. చక్కెరలు, పొటాషియం, ఉప్పు ఖనిజాలు ఎండు పిప్పిలో చాలా స్వల్పం. వేసవిలో చెమట కారుస్తూ పని చేసే గుర్రానికి సరిగ్గా అవే కావాలి కనుక, పిప్పి పెడుతున్నాం కదా అని ఉప్పును, మంచి గడ్డిని తగ్గించడం పెద్ద పొరపాటు.

గేదె వేరు, గుర్రం వేరు

గేదె తిన్నది మొదట పెద్ద పొట్టలోకి చేరి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో పులిసి, ఆ తరువాతే పేగులలోకి వెళుతుంది. దాణాలో కొంత పులుపు, కొంత బూజు విషం ఉన్నా ఆ పొట్టలో కొంతవరకు విరిగిపోతాయి. గుర్రానికి ఆ అవకాశం లేదు. దాని జీర్ణాశయం శరీరానికి చాలా చిన్నది, పెద్ద గుర్రానికి కూడా 8 నుంచి 15 లీటర్లు మాత్రమే పడుతుంది. అది వాంతి చేసుకోలేదు. చెడు తిండి లోపలికి పోతే ముందుకు వెళ్ళడమే తప్ప వెనక్కు వచ్చే దారి లేదు. సూక్ష్మజీవుల పని అంతా చివరన, పెద్ద పేగులో జరుగుతుంది. ఆ సూక్ష్మజీవులు కొత్త తిండికి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి గేదె బాగా తిన్నదన్న సాక్ష్యం గుర్రం విషయంలో చెల్లదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం నష్టాలు తప్పుతాయి.

తడి పిప్పి సంగతి

ఉత్తరాంధ్రలో తడి పిప్పి దొరకడం కష్టమేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం ప్రాంతంలో బీరు కర్మాగారం ఉంది, జాతీయ రహదారి మీద అక్కడి నుంచి విశాఖకు లారీలో చేరడం పెద్ద దూరం కాదు. ధర చూస్తే ఆశ కలుగుతుంది. కానీ తడి పిప్పిలో 75 నుంచి 80 శాతం నీరే. వంద కిలోల బస్తాలు దించుకుంటే అందులో మనకు పనికొచ్చేది ఇరవై, ఇరవై ఐదు కిలోలు.

ధర పోల్చేటప్పుడు కిలో ధరను కాక, పొడి పదార్థం కిలో ధరను పోల్చాలి. ఉదాహరణకు తడి పిప్పి కిలో 5 రూపాయలు, అందులో పొడి పదార్థం 22 శాతం అనుకుంటే, పొడి పదార్థం కిలోకు దాదాపు 23 రూపాయలు పడుతుంది. ఎండు పిప్పి కిలో 22 రూపాయలు, అందులో పొడి పదార్థం 90 శాతం అనుకుంటే అది కిలోకు 24 రూపాయలు పైచిలుకు. తేడా రెండు రూపాయలు కూడా లేదు. దానికి రవాణా, చెడిపోయి పారబోసేది కలిపితే తడి పిప్పే ఖరీదు. ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలు. మీ దగ్గరి ధరలతో ఇదే భాగహారం ఒకసారి చేసుకోండి.

అసలు సమస్య ధర కాదు, కాలం. కర్మాగారం నుంచి వెచ్చగా, తడిగా, మాంసకృత్తులతో నిండి బయటకు వచ్చే ఈ పదార్థం ఈస్టుకు, బూజుకు, బ్యాక్టీరియాకు విందు భోజనం. చల్లని దేశాలలోనే కొద్ది రోజులకు మించి నిలవ ఉండదంటారు. మన సముద్రపు గాలిలో, ముప్ఫై డిగ్రీలు దాటిన ఉక్కలో, ఒక రోజు గడిచేసరికే పుల్లటి వాసన వేస్తుంది. రెండో రోజు పై పొర కింద తెల్లటి బూజు తీగలు కనిపిస్తాయి. గుర్రం బూజు విషాలకు ఎంతగా లొంగుతుందంటే, వాటిని తట్టుకునే శక్తిలో గేదెతో దానికి పోలికే లేదు. గాలి ఆడకుండా తొక్కి నిలవ చేసిన తడి పిప్పి సరిగా పులియకపోతే బోటులిజం అనే విష ప్రమాదం కూడా ఉంది. ఆ విషం సోకిన గుర్రానికి నాలుక, గొంతు, కాళ్ళ కండరాలు వరుసగా చచ్చుబడతాయి. చాలావరకు దానిని కాపాడలేము.

మూడేళ్ళ కిందట ఆషాఢ మాసంలో నేను ఈ పొరపాటు చేశాను. తెలిసిన పాడి రైతు ఒకరు రెండు బస్తాల తడి పిప్పి ఇచ్చారు. మొదటి రోజు మా ఆడగుర్రం రాణి ఇష్టంగా తిన్నది. రెండో రోజు సాయంత్రం పిప్పిలో కొంచెం పులుపు వాసన వచ్చినా, ఉలవలు పులిసినా ఇంతే కదా అనుకుని పెట్టాను. అర్ధరాత్రికి అది ముందుకాలితో నేలను గీరడం, పక్కటెముకల వైపు తిరిగి చూసుకోవడం, పడుకుని దొర్లడం మొదలుపెట్టింది. పశువైద్యులు వచ్చి ముక్కు గొట్టం ద్వారా జీర్ణాశయం ఖాళీ చేసి, నొప్పి తగ్గించే సూది వేసి, తెల్లవారేదాకా మా వెంటే ఉన్నారు. ఉదయం అది లద్దె వేసిన క్షణాన నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. పిప్పి ఇచ్చిన రైతు తప్పేమీ లేదు, ఆయన గేదెలు అదే పిప్పి తిని హాయిగా ఉన్నాయి. తప్పు నా అంచనాలో ఉంది. ఆ రోజు నుంచి తడి పిప్పి మా గుర్రపుశాల గడప దాటలేదు.

కర్మాగారం గేటు పక్కనే ఉండి, ఉదయం తెచ్చిన దాన్ని మధ్యాహ్నానికి ముగించి, మిగిలినదాన్ని నిర్దాక్షిణ్యంగా పారబోయగలవారికి మాత్రమే తడి పిప్పి గురించి ఆలోచించే హక్కు ఉంది. విశాఖ నగరంలో అటువంటి గుర్రపు యజమాని ఒక్కరూ నాకు తెలియదు.

ఎండు పిప్పిని ఎంచుకుంటే

ఎండు పిప్పి నాణ్యత ఆరబెట్టిన తీరును బట్టి ఉంటుంది. యంత్రంలో సమంగా ఆరబెట్టినది లేత గోధుమ రంగులో, కాల్చిన రొట్టె వాసనతో, చేతిలో పిండితే ముద్ద కాకుండా రాలిపోయేదిగా ఉంటుంది. ముదురు గోధుమ రంగు, మాడిన వాసన ఉంటే అధిక వేడికి మాంసకృత్తులు పాడయ్యాయని అర్థం. అటువంటిది సంచి మీద రాసిన శాతానికి తూగదు. సిమెంటు గచ్చు మీద, ఎండలో ఆరబెట్టినది కొనవద్దని నా సలహా, ముఖ్యంగా వర్షాకాలంలో. అది పైకి ఎండినట్టు కనిపించినా లోపల బూజు పట్టి మళ్ళీ ఎండినదై ఉండవచ్చు. బూజు చచ్చినా దాని విషం ఎండతో పోదు.

తేమ 10 నుంచి 12 శాతం మించకూడదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు వరుసగా వచ్చే మన తీరంలో సంచి గోడకు ఆనించి పెడితే వారం రోజులకే అడుగు భాగం గడ్డ కడుతుంది. నేను ప్లాస్టిక్ పీపాలో మూత బిగించి, కింద చెక్క బల్ల వేసి ఉంచుతాను. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొంటాను. కొవ్వు 6 శాతం పైన ఉన్న పదార్థం కనుక ఎక్కువ కాలం ఉంటే ముక్కిపోతుంది. ముక్కిన వాసన వస్తే గుర్రం ముందు పెట్టనే వద్దు. నోరు లేని జీవి తిన్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు.

కొనేముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది, చాలామందికి అది తట్టదు. ఈ పిప్పిని ఎక్కడ ఆరబెట్టారు, ఎక్కడ సంచులకు ఎత్తారు? కోళ్ళ దాణా కలిపే మిల్లులో అయితే వద్దని చెప్పండి. కోళ్ళలో రక్త విరేచనాల వ్యాధి రాకుండా దాణాలో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కలుపుతారు. కోళ్ళకు అవి మందులు, గుర్రానికి ప్రాణాంతకమైన విషాలు. మోనెన్సిన్ శరీర బరువులో కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములు చేరితే చాలు, గుండె కండరం దెబ్బతిని గుర్రం చనిపోవచ్చు. విరుగుడు లేదు. కొన్ని పశువుల దాణాలలో కూడా మోనెన్సిన్ కలుపుతారు కనుక గేదెల కోసం తయారైన మిశ్రమ దాణాను గుర్రానికి పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మానాలి. మిల్లు యంత్రంలో మిగిలిన పొడి, తిరిగి వాడిన సంచి చాలు ప్రమాదానికి.

పెట్టే విధానానికి వస్తే, 300 కిలోల బరువున్న గుర్రానికి మొదటి రోజు 100 గ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలలో నెమ్మదిగా పెంచి, రోజుకు ముప్పాతిక కిలో దగ్గర నేను ఆగిపోతాను. దాన్ని రెండు పూటలుగా పంచి, పెట్టే ముందు అరగంట నీటిలో నానబెడతాను. పొడిగా ఉన్నది ఆబగా మింగితే గొంతులో అడ్డుపడుతుంది. నానిన తరువాత అది మళ్ళీ తడి పిప్పి అయినట్టే కనుక రెండు గంటలలో తినకుండా మిగిలినదాన్ని తీసి పారేస్తాను. రోజుకు కిలో కంటే ఎక్కువ పెట్టి ఉలవలు, గోధుమ పొట్టు అన్నీ మానేయాలనుకునేవారితో నేను ఏకీభవించను. మాంసకృత్తులు అవసరానికి మించితే శరీరం వాటిని యూరియాగా మార్చి మూత్రంలో పంపుతుంది. నీళ్ళు ఎక్కువ తాగాలి, ఒంట్లో వేడి పెరుగుతుంది, శాలలో అమ్మోనియా ఘాటు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. మే నెలలో విశాఖలో గుర్రానికి చెమట పట్టి ఆరడమే కష్టం. ఉక్కపోత ప్రాంతాలలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోయే జబ్బు వస్తుంది. అటువంటి గుర్రానికి అదనపు వేడి పుట్టించే తిండి అసలే వద్దు.

ఇథనాల్ కర్మాగారపు గింజ దాణా

డి.డి.జి.ఎస్. అని సంచుల మీద రాసి ఉండేది ఇదే. మొక్కజొన్న గాని బియ్యం నూకలు గాని పులియబెట్టి, మద్యాన్ని బట్టీ పట్టి తీసిన తరువాత మిగిలిన భాగం. దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం పెరిగిన కొద్దీ దీని రాక కూడా పెరిగింది. కాగితం మీద చూస్తే బీరు పిప్పి కంటే గొప్పగా కనిపిస్తుంది. మొక్కజొన్నది అయితే మాంసకృత్తులు 27 నుంచి 30 శాతం, బియ్యానిది అయితే 40 శాతం దాటుతుంది.

గింజలో మూడింట రెండు వంతులు పిండి. అది మద్యంగా వెళ్ళిపోగానే మిగిలిన ప్రతిదీ దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. మాంసకృత్తులు చిక్కబడినట్టే గింజలో ఉన్న బూజు విషం కూడా మూడు రెట్లు అవుతుంది. మొక్కజొన్న మీద పెరిగే ఫ్యుసేరియం బూజు వదిలే ఫ్యుమోనిసిన్ విషం గుర్రం మెదడులోని తెల్లటి భాగాన్ని కరిగించివేస్తుంది. అన్ని పశువులలోకి గుర్రమే దానికి ఎక్కువ లొంగుతుంది కనుక అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గుర్రాలకు పెట్టే మొక్కజొన్నలో, దాని ఉత్పత్తులలో ఈ విషం కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదని, అది కూడా మొత్తం తిండిలో 20 శాతం మించకూడదని సూచించింది. మన దగ్గర చిల్లరగా అమ్మే సంచితో పాటు ఆ పరీక్ష కాగితం ఎవరూ ఇవ్వరు. ఇవ్వలేని చోట కొనవద్దు. బియ్యపు దాణాకు ఈ ఒక్క విషం బెడద తక్కువ కావచ్చు గాని, అఫ్లాటాక్సిన్ అనే మరో బూజు విషం ప్రశ్న అలాగే ఉంటుంది.

బీరు ఈస్ట్

బీరు పులిసిన తరువాత అడుగున మిగిలే ఈస్టును ఆరబెట్టి అమ్ముతారు. మాంసకృత్తులు 45 శాతం వరకు, బి విటమిన్లు సమృద్ధిగా ఉంటాయి. జబ్బు నుంచి కోలుకుంటున్న గుర్రానికి, మేత సరిగా తినని ముసలి గుర్రానికి రోజుకు గుప్పెడు చాలు, ఖరీదు కూడా ఆ మేరకే. ఇది చచ్చిన ఈస్ట్. పెద్ద పేగులో పీచు అరుగుదలకు తోడ్పడుతుందని మందుల దుకాణంలో అమ్మే సజీవ ఈస్ట్ వేరే వస్తువు, రెండూ ఒకటే అనుకోవద్దు. బీరు తయారీ చోటు నుంచి బకెట్లలో తెచ్చే ద్రవరూపంలోని తాజా ఈస్ట్ మాత్రం పెట్టనే కూడదు. అది కడుపులో కూడా పులుస్తుంది, గ్యాసు పుట్టిస్తుంది.

మన ఊరి దాణాతో పోలిక, కాల్షియం లెక్క

ఇంతవరకు చెప్పినది పిప్పి రకాల మధ్య తేడా. కానీ నిజంగా పోల్చవలసినది ఉలవలు, గోధుమ పొట్టు, వరి తవుడులతో. ఇక్కడే చాలామంది తెలియకుండా గుర్రానికి హాని చేస్తున్నారు కనుక కొంచెం విస్తరించి రాస్తాను.

గుర్రం ఎముక గట్టిగా ఉండాలంటే తిండిలో కాల్షియం ఎప్పుడూ భాస్వరం కంటే తక్కువ కాకూడదు, ఒకటిన్నర రెట్లు ఉంటే మంచిది. 300 కిలోల బరువుండి తేలికపాటి పని చేసే గుర్రానికి రోజుకు సుమారు 18 గ్రాముల కాల్షియం, 11 గ్రాముల భాస్వరం కావాలి. భాస్వరం ఎక్కువై కాల్షియం తక్కువైతే శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగుతుంది. ముఖంలోని ఎముక మెత్తబడి ఉబ్బుతుంది, పళ్ళు కదులుతాయి, కాలు మార్చి కాలు కుంటుతుంది. పూర్వం పాశ్చాత్య దేశాలలో పిండి మిల్లుల యజమానులు తమ గుర్రాలకు ఊరికే మిగిలిన పొట్టు మేపడం వల్ల ఈ జబ్బు వచ్చి, దీనికి మిల్లు జబ్బు అనే పేరు పడింది. చవకగా దొరికిందని ఒకే వస్తువు మేపితే ఏమవుతుందో ఆ పేరే చెబుతుంది.

ఇప్పుడు ఒక్కొక్క కిలో తీసుకుని చూడండి. వరి తవుడులో భాస్వరం 16 గ్రాములు, కాల్షియం ఒక గ్రాము కూడా లేదు. గోధుమ పొట్టులో భాస్వరం 12 గ్రాములు, కాల్షియం గ్రామున్నర లోపు. ఎండు బీరు పిప్పిలో భాస్వరం 6 గ్రాములు, కాల్షియం 3 గ్రాములు. ఉలవల్లో భాస్వరం 3 గ్రాముల పైచిలుకు, కాల్షియం దాదాపు అంతే. ఈ నాలుగింటిలో ఎముకకు తక్కువ హాని చేసేవి ఉలవలు, తరువాత బీరు పిప్పి. కనుక ఇప్పటికే రోజుకు కిలో, రెండు కిలోల గోధుమ పొట్టు పెడుతున్నవారు దానిని తగ్గించి ఎండు పిప్పికి మారితే అది మేలైన మార్పే. ఉలవలు మానేసి పిప్పికి మారితే మాత్రం వెనకడుగు.

దాణా ఒక్కటే కాదు, మేత కూడా ఈ లెక్కలో ఉంది. మన చుట్టుపక్కల గుర్రాలకు ఎక్కువగా పడేది వరిగడ్డి, నేపియర్ గడ్డి, పారా గడ్డి. వీటిలో ఆక్సలేట్ అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసి పేగులో జీర్ణం కాకుండా చేస్తుంది. గడ్డిలో కాల్షియం ఉందని పరీక్ష చెప్పినా గుర్రానికి అందదు. నేపియర్ గడ్డి, గోధుమ పొట్టు జంటగా మేపడం అంటే ఎముకను రెండు వైపులా తినివేయడమే. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు ఆక్సలేటును చాలావరకు విరగ్గొడతాయి. గేదె బాగుంది కదా అన్న మాట మళ్ళీ ఇక్కడ కూడా మోసం చేస్తుంది.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. దాణాలో కలపడానికి అమ్మే మెత్తని సున్నపురాయి పొడిలో కాల్షియం 36 నుంచి 38 శాతం ఉంటుంది. కిలో ఎండు పిప్పికి 16 గ్రాములు, కిలో గోధుమ పొట్టుకు 45 గ్రాములు, కిలో వరి తవుడుకు 60 గ్రాముల పైన కలిపితే ఆ దాణా వరకు లెక్క సరిపోతుంది. గడ్డిలోని ఆక్సలేటు కోసం ఇంకొంత కావాలి, అది ఎంతో మీ పశువైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి. గోడలకు వేసే సున్నం, తాంబూలంలో రాసుకునే సున్నం దీనికి పనికిరావు, నోరు, పేగు కాలిపోతాయి. దీనికంటే నాకు నచ్చిన మార్గం పప్పుజాతి మేత. వరి కోతల తరువాత పొలంలో చల్లుకునే పిల్లిపెసర, అలసంద, ఉలవ గడ్డి, వేరుశెనగ తీగ, ఇవన్నీ కాల్షియం ఇచ్చే మేతలు. శీతకాలంలో పిల్లిపెసరను పూత దశలో కోసి, నీడన ఎండబెట్టి కట్టలు కట్టుకున్నవారికి సగం దాణా ఖర్చు తగ్గుతుంది. వేరుశెనగ తీగ తీసుకుంటే బూజు, మట్టి లేకుండా దులిపి చూసుకోవాలి.

ఉలవల గురించి ఒక మాట. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే గుణం ఉంది కనుక నానబెట్టి ఉడికించి పెట్టడం మన పెద్దల నుంచి వచ్చిన పద్ధతి, సరైన పద్ధతి. ఎడ్లకు ఉలవలు ఉడికించి ఆ కట్టుతో ఇంట్లో ఉలవచారు కాచుకోవడం మనందరికీ తెలిసినదే. గుర్రం చెమట పట్టి పని చేసే రోజులలో ఆ కట్టులో కొంత దాని తొట్టిలో కూడా పోయండి, అందులో కరిగిన ఖనిజాలు దానికి పనికొస్తాయి. ఉలవల్లో మాంసకృత్తులు 22 శాతం. ఆరు కిలోల వరిగడ్డి తినే 300 కిలోల గుర్రానికి గడ్డి నుంచి వచ్చేది 240 గ్రాములు, కావలసినది 420 గ్రాములు. ఆ లోటును కిలో ఉలవలు గాని, ముప్పాతిక కిలో ఎండు పిప్పి గాని తీరుస్తాయి. పరిమాణంలో రెండూ దాదాపు సమానమే. కానీ పెరిగే పిల్ల గుర్రాలకు ముఖ్యమైన లైసిన్ అనే అంశం ఉలవల మాంసకృత్తులలో పుష్కలం, బార్లీ పిప్పిలో తక్కువ.

ఏ గుర్రానికి ఏది

రెండేళ్ళ లోపు పిల్లకు, చూలు గుర్రానికి, పాలిచ్చే గుర్రానికి బీరు పిప్పిని ప్రధాన దాణాగా పెట్టవద్దు. లైసిన్, కాల్షియం రెండూ చాలవు. వాటికి ఉలవలు, పప్పుజాతి మేత, ఖనిజ మిశ్రమం.

పళ్ళు అరిగిన ముసలి గుర్రానికి, బరువు తగ్గిన గుర్రానికి నానబెట్టిన ఎండు పిప్పి చాలా బాగా నప్పుతుంది. నమలడం తక్కువ, పిండి తక్కువ, కొవ్వు నుంచి శక్తి వస్తుంది. ఈ ఒక్క సందర్భంలో ఉలవల కంటే దానికే నా ఓటు. గతంలో డెక్కల వాపు వచ్చిన గుర్రానికి, మొక్కజొన్న తింటే కండరాలు బిగుసుకునే గుర్రానికి కూడా అంతే. అయితే లావెక్కిన, పని లేని గుర్రానికి ఏ దాణా అక్కర లేదు, గడ్డి, ఉప్పు, ఖనిజాలు చాలు.

బీచ్ మీద రోజంతా తిరిగే గుర్రాలకు నా సలహా ఇది. శరీర బరువులో కనీసం 2 శాతం మంచి గడ్డి, అరకిలో నుంచి ముప్పాతిక కిలో వరకు ఉలవలు, కావాలంటే పావుకిలో ఎండు పిప్పి, 30 గ్రాముల ఉప్పు, ఎండ తీవ్రంగా ఉన్న రోజున మరికొంత ఉప్పు, తాగడానికి ఎప్పుడూ అందుబాటులో చల్లని నీళ్ళు. అనకాపల్లి బెల్లం పక్కనే ఉంది కదా అని దాణాలో ముద్దలు ముద్దలుగా వేసేవారు ఉన్నారు. పని అయిన తరువాత నీళ్ళలో కాస్త కలపడం వరకు ఫరవాలేదు, అంతకు మించి చక్కెర గుర్రానికి మంచిది కాదు.

ఏ మార్పు చేసినా మొదటి రెండు వారాలు ఉదయం, సాయంత్రం లద్దెను చూడండి. ముద్దలుగా పడే లద్దె పలచబడినా, పుల్లటి వాసన వచ్చినా, తగ్గిపోయినా పెంచడం ఆపి ముందు రోజు పరిమాణానికి వెనక్కు వెళ్ళండి. విశ్రాంతిగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. దవడ కింద నాడి పట్టి లెక్కించడం ఒక పూటలో నేర్చుకోవచ్చు. అది 60 దాటి, గుర్రం నేలను గీరుతూ ఉంటే దాణా, గడ్డి తీసేసి వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. ఆయన వచ్చేదాకా నూనె, సోడా, కషాయం ఏదీ గొంతులో పోయవద్దు. ఏ సంచిలోది పెట్టారో ఆ సంచిని, అందులో మిగిలిన పిడికెడు దాణాను పారేయకుండా ఆయనకు చూపించండి.